ఏడో రోజు రానివారు

సారపాక నుంచి కొత్తగూడెం వెళ్లే బస్సులో నా ఒడిలోని దస్త్రాన్ని చూసి పక్క సీటు పెద్దావిడ అడిగింది: "ఏంది బిడ్డా, గిన్ని కాయితాలు?"

నర్సింగ్ పరిశోధన అన్నాను. కొత్తరకం కట్టుతో కాలిపుండ్లు మానుతున్నాయనీ, ఏడో రోజు దవాఖానాకు తిరిగొచ్చిన వారే రుజువనీ కాస్త గర్వంగానే చెప్పాను.

"మరి రానోళ్లను ఏమని రాసినవ్?"

"వాళ్లను లెక్కలోంచి తొలగించానమ్మా."

"మా ఇంటాయనకు గదే కట్టు కట్టిండ్రు. పుండు ముదిరి మంచం దిగలే. మానినోడు నడిచొస్తడు. మాననోడు ఎట్లొస్తడు బిడ్డా?"

ఆమె పాల్వంచలో దిగిపోయింది.

రానివారి చిరునామాలన్నీ నా దస్త్రంలోనే ఉన్నాయి. ఒక్క ఇంటికీ వెళ్లలేదు. నా పరిశోధన వ్యాసం అచ్చయింది. ఇప్పుడు విద్యార్థులకు ఆ కట్టే నేర్పుతున్నాను.