ఆ ‘మి’ కొట్టేయండి

నిన్న పొద్దున్న ఫోన్ మోగింది. మా పైడిరాజు అన్నయ్య కూతురు.

“బువా, పాపా నహీ రహే.”

నాన్న ఇక లేరని. నాకు హిందీ రాక కాదు. పెళ్ళయి జంషెడ్‌పూర్ వచ్చినప్పటి నుంచి వింటున్నదే. అయినా “ఏటి? ఏటన్నావమ్మా?” అని మూడుసార్లు అడిగాను.

ఆ ‘ఏటి’ అన్న మాట కోసమే మా అన్నయ్య జీవితమంతా మాటలు పడ్డాడు.

ఏడుపు కన్నా కోపం ఎక్కువ వస్తోంది. అందుకే ఇవాళ రాసేస్తున్నాను.

తెలియనివాళ్ళకి చెప్తున్నా. అన్నయ్య మా పెద్దమ్మ కొడుకు. ఇక్కడి టాటానగర్ స్టేషన్‌లో పార్సిల్ క్లర్కు. డెబ్బైల చివర్లో మొదలుపెట్టి ఐదు పుస్తకాలు సొంతంగా అచ్చేయించుకున్నాడు. దెయ్యాల కథలు, పిల్లల పాటలు, వినాయక చవితి పందిట్లో ఆడే నాటిక, ఒక ప్రేమకథ. ఆ ప్రేమకథని వదినకి కనపడకుండా దాచాడు. వదినే అందరికన్నా ముందు చదివింది.

వీటన్నిటికీ ముందు వచ్చింది డిటెక్టివ్ నవల. సాక్చి బజార్లో బట్టల కొట్లో దొంగతనం. దొంగని పట్టుకునేది ఒక రిటైర్డ్ రైల్వే కళాసీ. ఎవరు ఎదురైనా ఆయన అడిగే మొదటి ప్రశ్నే నవల పేరు.

‘ఏటి సంగతి?’

ఇక్కడ తెలుగు అచ్చు లేదు కదా. విజయనగరంలో ఒక ప్రెస్‌కి పంపాడు. పుస్తకాలు రైల్లో వచ్చాయి. అన్నయ్య డ్యూటీలోనే, అన్నయ్య ఆఫీసుకే. తన పార్సిల్‌కి తనే సంతకం పెట్టి విప్పుకున్నాడు.

అట్ట మీద ‘ఏమిటి సంగతి?’ అని ఉంది.

లోపల కూడా అంతే. ప్రతి ‘ఏటి’నీ ‘ఏమిటి’ చేసేశారు!

మర్నాడే సెలవు పెట్టి రైలెక్కాడు. ప్రెస్‌లో కంపోజిటర్ చాలా మంచివాడట. తప్పులన్నీ ఓపిగ్గా తనే దిద్దానని గర్వంగా చెప్పాడట. ఎందుకు దిద్దావయ్యా అంటే ఆయన జవాబు ఇదీ:

“ఇంట్లో అనుకుంతాం గానీ, అచ్చులో ఎవలైనా ఏటి అని ఏత్తారేటి బాబూ?”

అన్నయ్య ఆ మాట తిరిగొచ్చి చెబుతూ పొట్ట పట్టుకు నవ్వాడు.

ఆదివారం భుయ్యాడీహ్‌లో వాళ్ళింటి వరండాలో ముగ్గురం కూర్చున్నాం. అన్నయ్య, వదిన, నేను. తలో కలం, మధ్యలో నల్ల సిరా బుడ్డి. ప్రతి కాపీ అట్ట మీదా ‘మి’ కొట్టేయడమే పని. లోపలి పేజీలు ఎక్కడని దిద్దుతాం? అట్ట ఒక్కటైనా మన మాటలో ఉండాలన్నాడు.

అందుకే మా వీధిలో దాన్ని ‘నల్లమచ్చ పుస్తకం’ అనేవారు.

మా అత్తగారికి చదువు రాదు. రెండో పుస్తకం దెయ్యాల కథలు. ఈసారి మాటలు ఒక్కటీ మారకుండా అచ్చయ్యాయి. అది నేను చదివి వినిపిస్తుంటే ఆవిడ నా చేతిలోంచి లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇదేటే! ఈ పుస్తకం నానాగే మాటాడతంది!”

అన్నయ్యకి అది చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయనకి కావలసింది అదొక్కటే. బిరుదులు కాదు, శాలువాలు కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఆ రోజుల్లో ఇక్కడి మన తెలుగు సంఘం వాళ్ళకి ఎంతో ఆశగా ‘ఏటి సంగతి?’ ఇచ్చాడు, లైబ్రరీ బీరువాలో పెట్టమని. నిండు సభలో సెక్రటరీ గారు అట్ట చూసి అన్నారు:

“ఏటి అంటే ఏరు కదండీ. మన సువర్ణరేఖ నది గురించి రాశారా?”

హాలంతా నవ్వింది. ఆయనదీ మా జిల్లాయే!

అన్నయ్య లేచి, “చిన్నప్పుడు మీ అమ్మగారు మిమ్మల్ని ఏటని పిల్సీవోరో ఓపాలి గేపకం తెచ్చుకోండి బాబూ” అని వచ్చేశాడు.

పుస్తకం బీరువాలోకి వెళ్ళలేదు. దసరా భజనలప్పుడు నా కళ్ళతో చూశాను. హార్మోనియం పెట్టే కుంటి బల్ల కాలి కింద దాన్ని ఎత్తుకి పెట్టారు.

ఒక్కసారి స్టేజీ ఎక్కించలేదు. ఒక్కసారి మైకు ఇవ్వలేదు. బతికుండగా ముద్ద పెట్టనివాళ్ళు పోయాక పిండాలకి ముందుంటారు.

నిన్న మధ్యాహ్నం అదే సంఘం వాళ్ళు ఫ్లెక్సీ తెచ్చి ఇంటి గోడకి కట్టారు. ‘సాహితీ దిగ్గజం’ అట. కింద పెద్ద అక్షరాలతో, ‘ఏమిటి సంగతి? నవలా రచయిత’.

మళ్ళీ ‘మి’! ఇన్నేళ్ళకి మళ్ళీ అదే ‘మి’!

నా ఒళ్ళు మండిపోయింది. శవం దగ్గర కూర్చున్న వదిన కూడా అది చూసింది. లేచి లోపలికి వెళ్ళి తన కాటుక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

“ఆ ‘మి’ కొట్టీ, సత్తీ. అదలాగుంటే మీ అన్న ఇక్కణ్ణించి కదలడు.”

కొట్టేశాను. వేలితో, కాటుకతో.

“అదేంటండీ పాడుచేస్తున్నారు?” అని సంఘం వాళ్ళలో ఒకడు వచ్చాడు.

“దిద్దుతన్నాను బాబూ. దిద్దడం మీరు నేర్పిందే కదా” అన్నాను.

ఆడవాళ్ళు రాకూడదన్నారు. అయినా ఘాట్ దాకా వెళ్ళాను. సువర్ణరేఖ పక్కనే చితి పేర్చారు.

ఏటి ఒడ్డున, అన్నయ్యా. ఆ రోజు నవ్విన వాళ్ళలో ఇద్దరు అక్కడే నిలబడ్డారు. నిన్న నవ్వలేదు.

నేను కాటుక పెట్టకముందు తీసిన ఆ ఫ్లెక్సీ ఫొటో గ్రూపుల్లో తిరుగుతోంది. ఫార్వర్డ్ చేసేవాళ్ళకి దండం పెట్టి అడుగుతున్నాను. ముందు ఆ ‘మి’ కొట్టేయండి.

ఎల్లిరా అన్నయ్యా. నీ మాట మీద ఎవరి కలమూ పడని చోట నెమ్మదిగా ఉండు.