వినపడని చదువు

మా పేటలో చదువంటే వినపడాలి. ఎవరింట్లో పిల్లలు చదువుతున్నారో, ఎవరు ఎగ్గొడుతున్నారో సాయంత్రం వీధిలో నడిచిపోయేవాళ్ళకు కూడా తెలిసిపోయేది. చర్చిలో వాక్యం చదివే మనిషిని కూడా గొంతు చూసే ఎంచేవాళ్ళు. నేను నరసరావుపేట హైస్కూల్లో చేరాక మా ఇంటి చదువు వీధి చివరిదాకా పోయేది. లెక్కలూ చరిత్రా మామూలు గొంతుతోనే చదివేదాన్ని. ఇంగ్లీషు మాత్రం అరిచేదాన్ని. ఎంత గట్టిగా చదివితే అంత వచ్చినట్టని ఇంటిల్లిపాదీ నమ్మేవాళ్ళం.

నాన్న దూది మిల్లులో బోరాలు మోసేవాడు. ఆయనకు వేలిముద్రే సంతకం. సాయంత్రం ఇంటికొచ్చి, నీళ్ళు పోసుకుని, చుట్ట ముట్టించుకుని అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చునేవాడు. గోడకు ఇవతల నేను. గొంతు ఆగిందంటే చాలు, ఎందుకు ఆపావని బయటినుంచి కేకేసేవాడు. మంచినీళ్ళు తాగాలన్నా చెప్పి తాగాల్సి వచ్చేది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకడమే గగనంగా ఉండేది. చదువు వినపడినంతసేపే లాంతరు వెలగాలని అమ్మ పెట్టిన చట్టం. ఇవన్నీ నాకు ఇబ్బందిగా తోచేవి కావు. ఎందుకంటే, నడికుడిలో ఉన్న మా మేనత్త రైలెక్కి వచ్చినప్పుడల్లా తన కొడుక్కి నన్ను అడుగుతుండేది. చదువు సాగినన్నాళ్ళూ ఆ మాట ఎత్తొద్దని నాన్న ఆమెకు చెప్పేశాడు. మా బావ మీద నాకు కోపమేమీ లేదు. నాకు బడి ఇష్టం, అంతే.

ఫిఫ్త్ ఫారంలో, అంటే ఇప్పటి పదో తరగతిలో, కొత్త ఇంగ్లీషు మాస్టారు వచ్చారు. మద్రాసులో చదువుకున్న మనిషి. మొదటి రోజే నన్ను లేపి, కిందటేడు చదివిన పాఠం దేని గురించో చెప్పమన్నారు. నేను చేతులు కట్టుకుని మొదటి వాక్యం నుంచి అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఆపి, అది కాదు, కథేమిటో తెలుగులో చెప్పమన్నారు. నోరు పెగల్లేదు. పక్కవాళ్ళను అడిగారు. వాళ్ళదీ అదే సంగతి. ఏళ్ళ తరబడి మేము ఇంగ్లీషును అరిచామే గాని లోపల ఏముందో ఒక్కరమూ చూడలేదు.

మర్నాటి నుంచి కొత్త పద్ధతి. నాన్ డీటెయిల్డు కథల పుస్తకం తీయాలి. కష్టమైన మాటలకు అర్థాలు బోర్డు మీద రాస్తారు. నోరు మూసుకుని చదవాలి. పెదవులు కదిలితే పళ్ళ మధ్య పెన్సిలు అడ్డంగా పెట్టుకోవాలి. తర్వాత పుస్తకం మూసేసి, చదివింది సొంత మాటల్లో అర పేజీ రాయాలి. ఇంటి దగ్గరా అలాగే చదువుకుని రమ్మన్నారు.

మొదట్లో నరకంగా ఉండేది. పెన్సిలు చేదు నోట్లోంచి పోయేది కాదు. కానీ ఒకరోజు చదువుతూ చదువుతూ, ఇందులో ఒక మనిషి ఉన్నాడే అనిపించింది. బొగ్గు గనిలో పనిచేసే మనిషి, అతనికొక గుర్రం. ఆ రోజు కలిగిన సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఇంట్లో మాత్రం కొంప మునిగింది. చప్పుడు లేదని అమ్మ లాంతరు ఆర్పేసింది. చదువుతున్నానని మొత్తుకుంటే మళ్ళీ వెలిగించింది గాని, నన్ను అనుమానంగా చూస్తూ కూర్చుంది. నాన్న కోసం మళ్ళీ గట్టిగా చదివి చూశాను. గట్టిగా చదివితే ఒక్క ముక్కా బుర్రకెక్కేది కాదు, మర్నాడు అర పేజీ రాయలేకపోయేదాన్ని. మళ్ళీ నోరు మూసుకునే చదవసాగాను. సరిగ్గా ఆ రోజుల్లోనే మేనత్త దిగింది. ఒక సాయంత్రం చెవి వొగ్గి విని నాన్నతో అన్నది:

"పిల్ల చదువు అయిపోయిందన్నా. పుస్తకం ముందరేసుకుని కునుకు తీస్తంది."

నాన్న పొద్దున్నే పంతులుగారిని అడుగుతానని, ఆయన కూడా ఆ మాటే అంటే పెళ్ళికి మాట ఇచ్చేస్తానని చెప్పాడు.

మర్నాడు మిల్లు మానుకుని, తలగుడ్డ చేత్తో పట్టుకుని, మా క్లాసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపల అందరమూ నోళ్ళు మూసుకుని కూర్చున్నాం. సగంమంది నోట్లో పెన్సిళ్ళు. ఆయన కాసేపు చూసి, పిల్లలకు చదువు చెప్పడం లేదా అని మెల్లగా అడిగాడు. మాస్టారు నవ్వలేదు. మీ అమ్మాయినే అడగండి, ఏం చదివిందో చెబుతుంది అని నన్ను వరండాలోకి పంపారు.

నాన్నకు ఆ కథ చెప్పాను. గనిలో బొగ్గు బండి లాగే గుర్రం ఒకనాడు నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. యజమాని కొట్టాడు, తిట్టాడు, అది కదల్లేదు. ఇంతలో ముందున్న గని పైకప్పు కూలింది. ఇంకో నాలుగడుగులు వేసి ఉంటే ఇద్దరూ లేరు. నాన్న ఊపిరి బిగబట్టి విన్నాడు.

"మరి బయటికొచ్చారా?"

"ఇంకా అక్కడిదాకా చదవలేదు నాన్నా."

"ఇన్నేళ్ళూ నువ్వు అరిచిందాంట్లో గూడా ఇట్టాంటియ్యే ఉండాయా?"

ఉండే ఉంటాయి, అప్పుడు నాకూ తెలియదన్నాను. ఆయన మాస్టారికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే మేనత్తను రైలెక్కించాడు. మా ఇంట్లో నోరు మూసుకున్నా లాంతరు వెలగడం మొదలైంది.

అప్పటినుంచి చదివిన కథలన్నీ అన్నాలప్పుడు నాన్నకు చెప్పేదాన్ని. బాగా వినేవాడు, ప్రశ్నలు వేసేవాడు. ఆయనకు మునుపటికంటే ఇదే బాగుందనుకున్నాను. ఒక సాయంత్రం అరుగు మీద ఊరికే కూర్చుని ఉంటే, ఏంటి నాన్నా అలా ఉన్నావని అడిగాను. ఏమీ లేదన్నాడు. చుట్ట ఆరిపోతే మళ్ళీ ముట్టించుకున్నాడు.

"కతలు చానా బాగుంటన్నయ్యే. కానీ నువ్వు గట్టిగా చదివేటప్పుడు, ఈడ కూకుని నేను గూడా చదువుకుంటన్నట్టే ఉండేది."