నా వర్బల్ మార్కులు

మావారు సౌదీలో, జుబైల్‌లో ప్లాంట్ ఆపరేటర్; నేనూ అక్కడే ఉంటాను. ఎమ్మెస్ కోసం జీఆర్ఈ రెండోసారి రాస్తే ఇంగ్లీషును పరీక్షించే వర్బల్ భాగంలో నా స్కోరు బాగా పెరిగింది. ఆ వారం, సెలవురోజు శుక్రవారం, భోజనానికి వచ్చిన స్నేహితులతో ఆయన, "రోజూ కూర్చోబెట్టి నేనే చదివించాను," అన్నారు.

వడ్డిస్తున్న నాకు ఒళ్లు మండిపోయింది. పదాల బట్టీ మానేసి, ప్రతి పేరా చదివాక దాని సారాంశం తెలుగులో చెప్పుకుని, ఆ తర్వాతే ఇచ్చిన జవాబుల్లోంచి సరైనది ఎంచుతూ ఒంటరిగా నేర్చుకున్నాను నేను.

"మొదటిసారి తక్కువొస్తే, 'నీకు ఇంగ్లీషు ఎక్కదు, వదిలెయ్' అన్నదెవరండీ?" అని అందరిముందే అడిగాను.

"సరదాకన్నాన్లే," అన్నారాయన తలెత్తకుండా.

"ఆరోజు నేను ఏడ్చానండీ."



తర్వాత ఈ సంగతి చెబితే, అతిథుల ముందు అలా అడగకూడదని అమ్మ ఫోన్లో కోప్పడింది. నా కష్టాన్ని ఆయన తనదని చెప్పుకున్నదీ వాళ్ల ముందేగా.