అందరిదీ ఎనిమిది గంటల నిద్రే

డిపోలో ఆమెను అందరూ జోలక్క అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లెవరో గానీ, ప్రేమ కంటే వెటకారమే ఎక్కువున్నవాళ్లయి ఉండాలి. పంతొమ్మిదేళ్లు బస్సుల్లో కండక్టరుగా నిలబడి నిలబడి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. ఆవిడ గొంతెత్తి స్టాపు పేరు చెబితే వెనక సీట్లో కునికేవాళ్లు ఉలిక్కిపడి లేచేవాళ్లు. అలాంటి మనిషిని పట్టుకుని జోల అంటే ఎలా చెప్పండి! కానీ బస్సుల్లో టికెట్ మిషన్లు బిగించి కండక్టర్లను దించేశాక ఆమెను డిపో విశ్రాంతి గదికి మార్చారు. ఆ తర్వాత నగర ఆరోగ్య శాఖ వాళ్లొచ్చి, డ్రైవర్లకూ వాళ్ల ఇంటివాళ్లకూ నిద్ర గురించి పాఠాలు చెప్పాలి, మీలో ఎవరైనా ముందుకు రండి అన్నారు. ఒక్కడు కదిలితే ఒట్టు. మూలన కుర్చీలు సర్దుతున్న ఈమె వాళ్ల కంట్లో పడింది. మూడు రోజులు శిక్షణ ఇచ్చి, చేతిలో బొమ్మల అట్టలు పెట్టి, చక్కా పోయారు.

ఆదివారం పొద్దున పదింటికి క్లాసు. నాలుగు బల్లలు, కారే కుళాయి ఒకటి, గోడకు డ్యూటీ పట్టిక. సాయంత్రం నాలుగు దాటాక టీ తాగొద్దనీ, గురక పెడితే గాఢనిద్ర అని మురిసిపోవద్దనీ, ఫోను పక్కలో పెట్టుకోవద్దనీ అట్టలు చూపిస్తూ చెప్పేది.

"ఫోను సరే జోలక్కా, పక్కలో పెళ్లాం ఉండొచ్చా?" అన్నాడు వెనక బల్ల మీద బక్క డ్రైవరు. వాడికి నోరు ఊరుకోదు.

"నువ్వు పక్కనుంటే ఆవిడకే నిద్ర పట్టట్లేదంట. ముందు ఆ సంగతి చూడు."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

నవ్వులు బాగానే ఉన్నాయి. అసలు తంటా నిద్ర చీటీలతో వచ్చింది. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, పగలు ఎక్కడైనా కునుకు పట్టిందా అని ప్రతి ఒక్కరూ వారం పొడుగునా రాసి తేవాలి. కింది సగం ఇంట్లోవాళ్లు నింపాలి. మొదటి వారం ఇరవై మూడు చీటీలు వచ్చాయి. ఇరవై మూడింటిలోనూ రోజుకు ఎనిమిది గంటలు! అన్నీ ఒకే నీలం సిరా. గుమ్మం బయట టీ తాగుతూ ఒకే పెన్ను చేతులు మార్చుకున్నారు మహానుభావులు. పాత టికెట్టు మడతపెట్టి చూపించేవాళ్లను పట్టుకున్న కళ్లు ఆమెవి, ఇదొక లెక్కా?

"ఏంటయ్యా ఇది? డిపో మొత్తం ఒకే మంచం మీద పడుకుందా?"

అందరూ గోడ మీది డ్యూటీ పట్టిక వైపు చూశారు. చివరికి బక్క డ్రైవరే అన్నాడు. "నిజం రాస్తే ఆఫీసుకెళ్తుంది అక్కా. ఆఫీసుకెళ్తే స్టీరింగ్ పోతుంది. నీకేం, గదిలో కూర్చున్నావు."

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. తన రేకు పెట్టె బల్ల మీద పెట్టి, తాళం వేసి, తాళంచెవి అందరికీ చూపించింది. "ఈ చీటీలు ఈ పెట్టె దాటి బయటికి పోవు. ఇది నా మాట."

పంతొమ్మిదేళ్లలో మాట తప్పిందని ఆమెను అన్నవాడు లేడు. నమ్మారు. మరుసటి వారం నుంచి చీటీల్లో నిజాలు రాలాయి. ఒకడు ఐదు గంటలు, ఒకడు మూడు. బక్క డ్రైవరు నాలుగున్నర గంటలు పడుకుని, సిగ్నల్ దగ్గర రెండుసార్లు కునికాడు. చదువుతుంటే ఆమెకు చెమటలు పట్టాయి. అయినా నిజం తెలిస్తే కదా దారి దొరికేదని, ఒక్కొక్కళ్లనీ కూర్చోబెట్టి మాట్లాడింది. ఇద్దరు ముగ్గురు డాక్టరు దగ్గరికి వాళ్లంతట వాళ్లే వెళ్లారు కూడా. ఆ నెల రోజులూ ఆమె నిజంగా సంతోషంగా ఉంది.

ఐదో వారం గడియారం చీటీ వచ్చింది.

గడియారం అంటే డిపోలో అందరికంటే పెద్ద డ్రైవరు. ఇరవై ఆరేళ్లలో ఒక్క నిమిషం ఆలస్యంగా బస్సు తీసి ఎరగడు కాబట్టి ఆ పేరు. అతనూ జోలక్కా పదకొండేళ్లు ఒకే బస్సు మీద పనిచేశారు. ఆమెకు తమ్ముడి కింద లెక్క, అతని భార్య మరదలి కింద లెక్క. చీటీ కింది సగంలో ఆ మరదలు పెన్సిలుతో రాసింది: "గురక మధ్యలో ఊపిరి ఆగిపోతుంది. నేను ఇరవై లెక్కపెట్టేదాకా రాదు. భయమేసి కుదిపి లేపుతాను." పైసగంలో అతని గుండ్రటి అక్షరాలు: "మంగళవారం మధ్యాహ్నం. వంతెన నుంచి బడి దాకా ఎలా వచ్చానో గుర్తు లేదు."

జోలక్క ఆ చీటీ రెండోసారి చదివింది. వంతెన నుంచి బడి దాకా రెండు స్టాపుల దూరం!

భయం ఒకటే అయితే ఎలాగో సర్దుకునేది. గుర్తొచ్చింది ఇంకొకటి. ఆ పదకొండేళ్లూ మధ్యాహ్నం ట్రిప్పులో అతని తల వాలడం ఆమె చూస్తూనే ఉండేది. వాలినప్పుడల్లా, టికెట్లకు చిల్లు కొట్టే పంచ్‌తో అతని సీటు వెనక కడ్డీ మీద టకటకా కొట్టేది. అతను సర్దుకునేవాడు. జతంటే వీళ్లదిరా అని డిపో అంతా మెచ్చుకునేది, ఈవిడా పొంగిపోయేది. ఒక్కనాడైనా డాక్టరుకు చూపించుకోమని అన్నదా? అనలేదు. రోగాన్ని పదకొండేళ్లు కడ్డీ చప్పుడుతో దాచిపెట్టి, దానికి స్నేహమని పేరు పెట్టుకుంది. కండక్టర్లు దిగిపోయాక ఆ కడ్డీ మీద కొట్టే దిక్కు లేదు.

బస్సులు కడిగే షెడ్డు దగ్గర అతన్ని పట్టుకుంది.

"తమ్ముడూ, ఆసుపత్రికి పద. ఇది ఒంటి అలసట కాదు, జబ్బు."

"తెలుసక్కా. రెండేళ్ల సర్వీసుంది. అది గడవనీ."

"రెండేళ్లా! నీ వెనక యాభై మంది కూర్చుంటారు."

"డాక్టరు రాస్తే నన్ను ఈ షెడ్డులో గొట్టం పట్టుకోమంటారు. నిన్నటి దాకా నాకు దారిచ్చిన కుర్ర డ్రైవర్ల బస్సులు నేను కడగాలా?" నీళ్లు నమిలి, గొంతు తగ్గించాడు. "నీ పెట్టె మీద నమ్మకంతో రాశాను. పెట్టె తెరిచావంటే నువ్వు నాకు అక్కవి కాదు."

ఆమె ఏం చేస్తుంది? వరసగా మూడు రోజులు మధ్యాహ్నం ట్రిప్పుకు అతని బస్సెక్కి, సరిగ్గా అతని వెనక సీట్లో కూర్చుంది. మొదటి రెండు రోజులూ ఏమీ కాలేదు. మూడో రోజు వంతెన దిగాక, బడి ఇంకా వంద గజాలుండగా, అద్దంలో అతని గడ్డం మెల్లగా గుండెల మీదికి జారడం చూసింది. బస్సు ఎడమ పక్కకు వాలింది. అటు బడి కంచె, కంచె వెంట ఇళ్లకు పోతున్న పిల్లలు. ఆమె చేయి అలవాటుకొద్దీ పంచ్ కోసం వెతుక్కుంది. పంచ్ ఎక్కడిది, డిపో వాళ్లు ఎప్పుడో తీసేసుకున్నారు! లేచి బెల్లు తాడు పట్టుకుని ఆపకుండా లాగింది. ఒక బెల్లు ఆపమని, రెండు బెల్లులు పొమ్మని, ఆగకుండా మోగితే ఉన్నచోటే బ్రేకు తొక్కెయ్యమని. డ్రైవరు కాలికి ఆ సంగతి మెలకువతో పనిలేకుండా తెలుసు.

బస్సు కంచెకు రెండు మూరల దూరంలో ఆగింది. ఒక చిన్నపిల్ల సంచీ కింద పడేసి నిలబడిపోయి చూస్తోంది. బస్సులో తిట్లు మొదలయ్యాయి.

"కుక్క అడ్డొచ్చింది," అన్నాడు గడియారం, వెనక్కి తిరగకుండా.

జోలక్క అక్కడే దిగిపోయింది. కింద పడ్డ సంచీ తీసి ఆ పిల్ల భుజానికి తగిలించింది. ఆ సాయంత్రమే డిపో డాక్టరు గదికి వెళ్లింది.

"మీరు చూశానంటే సరిపోదమ్మా," అన్నాడాయన. "ఆయన కాదంటారు. కాగితం ఏదైనా ఉందా?"

ఉంది. రేకు పెట్టెలో ఉంది. ఆమె తిరిగి వెళ్లి తాళం తీసి, ఆ వారం ఇరవై మూడు చీటీల్లోంచి ఒక్క చీటీ ఏరి తెచ్చి ఇచ్చింది. ఇస్తూ ఏడ్చింది కూడా. డాక్టరు మంచినీళ్లిచ్చాడు.

గడియారాన్ని ఆసుపత్రికి పంపారు. నిద్రలో గంటకు నలభైసార్లు ఊపిరి ఆగుతోందని తేలింది. ముక్కుకు తొడుక్కుని పడుకునే మిషను ఇచ్చారు. ఆరు నెలలు చూసి, బాగుంటే మళ్లీ స్టీరింగ్ ఇస్తామన్నారు. అప్పటిదాకా షెడ్డు. పొద్దున్నే గొట్టం పట్టుకుని బస్సులు కడుగుతున్నాడు. జోలక్క ఎదురైతే మొహం బస్సు వైపు తిప్పుకుంటాడు.

ఒకరోజు మరదలు వచ్చింది.

"ఊపిరి ఆగట్లేదు వదినా. నేను లెక్కపెట్టే పని తప్పింది. కానీ నీ పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోతున్నాడు."

"తిననీ అమ్మా. నా పేరెత్తకు."

ఆ ఆదివారం క్లాసుకు గడియారం తప్ప అందరూ వచ్చారు. రాకపోతే బాగుండేదేమో. ఎవరూ జోకులెయ్యలేదు, ఎవరూ అడ్డు ప్రశ్నలడగలేదు. అట్టలు చూపించినంతసేపూ బుద్ధిగా తలలూపి, వెళ్లేటప్పుడు చీటీలు బల్ల మీద పేర్చి పోయారు. ఇరవై రెండు చీటీలు. రోజుకు ఎనిమిది గంటలు, నీలం సిరా. కునుకు పట్టిందా అన్నచోట అందరూ 'లేదు' అనే రాశారు. ఆమె వాటిని పెట్టెలో పెట్టింది. తాళం వెయ్యలేదు, ఎందుకు వెయ్యాలి?

ఇంటికి పోదామని స్టాపులో నిలబడింది. వచ్చిన బస్సులో బక్క డ్రైవరు ఉన్నాడు. క్లాసు నుంచి నేరుగా డ్యూటీ ఎక్కినట్టున్నాడు. కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. పోయిన నెల నాలుగున్నర గంటలని రాసిన మనిషి, ఈ పొద్దున ఎనిమిదని రాసిచ్చాడు.

"రాత్రి బాగా పడుకున్నావా అబ్బాయ్?"

"ఓ, హాయిగా. ఎక్కు అక్కా."

ఆమె అతని కళ్లలోకి చూసింది. అతను చూపు తిప్పుకుని అద్దం సర్దుకున్నాడు. బస్సులో జనం, ముందు సీట్లో ఒళ్లో పిల్లను పెట్టుకుని ఒకావిడ. జోలక్క మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కింది. వెనక సీట్లు ఖాళీగా ఉన్నా వెళ్లలేదు. డ్రైవరు వెనక నిలబడి, బెల్లు తాడు పట్టుకుంది.