మా మేనత్త నడిచిన వీడియో

పోయిన ఆదివారం మా మేనత్త కన్నుమూసింది. నల్గొండ దవాఖాన నుంచి బాపు ఫోన్ చేసి, "అత్తమ్మ ఇగ లేదు బిడ్డా" అన్నాడు. ఆపైన ఫోన్ ఎవరి చేతికో ఇచ్చేశాడు.

ఆమె బాపుకు అక్క. పెనిమిటి పోయాక కట్టంగూర్ దగ్గరి మా ఊరికి, మా ఇంటికే వచ్చేసింది. పొద్దున్నే నాకు జడ వేసేది ఆమే. ఏళ్ళ తరబడి తాగిన బోరునీళ్ళలోని ఫ్లోరైడ్‌ వల్ల నడుము, మోకాళ్ళు వంగిపోయాయి. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే కసురుకునేది. గోడ పట్టుకునే నడిచేది. ఆమె అరచెయ్యి ఆనే ఎత్తున సున్నం నల్లటి చారలా మాసిపోయి ఉండేది. తెలంగాణ వచ్చాక ఇంటికి మంచినీళ్ళ నల్లా వేసిన రోజు మేమంతా సంబరపడుతుంటే, "నీళ్ళు మారినయ్ గని, వంగిన నా బొక్కలు మారుతయా?" అంది.

ఇంటర్ అయ్యాక, సినిమా తీయడం నేర్పే ఢిల్లీ కాలేజీ ఒకదానికి దరఖాస్తు చేశాను. సొంతంగా చేసిన సృజనాత్మక పని ఏదైనా ఉంటే జతచేయవచ్చన్నారు, తప్పనిసరేం కాదు. నా దగ్గరున్నది ఫోనుతో తీసిన చిన్న వీడియో ఒక్కటే. అత్తమ్మ మంచం మీంచి లేచి, గోడ పట్టుకుని వచ్చి, నా వెనక నిలబడి జడ వేయడం.

"జాలి కోసం పెట్టిందనుకుంటరమ్మా. మార్కులున్నయి కదా, చాలు" అన్నారు మా లెక్చరర్.

"మన ఇంటి గోస వాళ్ళకెందుకు?" అన్నాడు బాపు.

నాకూ ఎటూ తేలలేదు. అత్తమ్మకే వీడియో చూపించాను. తన నడకను తాను చూసుకోవడం ఆమెకదే మొదటిసారి.

"గింతగనం వంగిననా నేను?" అంది.

"వద్దులే అత్తమ్మా, పెట్టను."

"పెట్టు బిడ్డా. నేనెట్లాగు గంత దూరం పోలేను. వీడియోలనన్న పోత."

పెట్టాను. సీటు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పలేదు. వీడియోను అసలెవరైనా తెరిచారో లేదో కూడా తెలియదు.

"చూసిన్రా బిడ్డా?" అని అత్తమ్మ నెలల తరబడి అడిగింది. సీటు సంగతి కాదు, ఎవరో ఒకరు చూశారన్న మాట చాలు ఆమెకు. ఆ మాట చెప్పలేకపోయాను. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. ఆ తరువాత మంచం దిగడమూ మానేసింది. నేను నల్గొండలోనే డిగ్రీలో చేరాను. మళ్ళీ ఏ వీడియో తీయలేదు.

చెయ్యి కూడా పట్టుకోనివ్వని మనిషి, ముక్కూమొహం తెలియని వాళ్ళకు తన నడకను చూపించడానికి ఒప్పుకుంది. నాకు అంతకు మించి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

వాకిట్లో పాడె మీద పడుకోబెట్టినప్పుడు ఆమె కాళ్ళు చాపలేకపోయారు. కప్పిన తెల్లబట్ట మోకాళ్ళ దగ్గర ఎత్తుగా లేచి ఉంది. దాని మీద వేసిన బంతిపూలు జారి కింద పడుతున్నాయి. బాపు వంగి వాటిని ఏరి, అక్కడే మళ్ళీ పెట్టాడు. జారిపోయాయి. మళ్ళీ ఏరాడు.