కొసరు మందు

ఆకుతోటను పాడుచేయాలంటే ఎవరికైనా ఎంతో కొంత ఖర్చవుతుంది. నేను మాత్రం దమ్మిడీ పెట్టకుండా, బేరమాడి ఉచితంగా సంపాదించిన మందుతో మా అక్క తోటలో రెండు సాళ్లు చంపాను. అమలాపురం బజారులో పుట్టి పెరిగినవాడికి తప్ప ఇంకొకరికి ఇది చేతకాదు.

మా ఇంట్లో కొసరు లేకుండా వచ్చిన సరుకును మా నాన్నగారు సరుకుగా లెక్కపెట్టేవారు కాదు. ఉప్పు కొన్నా, బెల్లం కొన్నా, తూకం అయ్యాక పైన ఓ పిడికెడు పడాలి. నేను జ్వరం మందుకు కూడా ఓ గుక్క కొసరడిగి తాగినవాణ్ని.

యుద్ధం అయిపోయి కొన్నేళ్లయింది. మా బావగారు పోయాక, కొత్తపేట దగ్గరున్న అరెకరం తమలపాకుతోట మీదే అక్కా, ఇద్దరు పిల్లలూ బతుకుతున్నారు. అవిసె చెట్లకు తీగలు పాకించి, అరటినారతో కట్టి, వారం వారం ఆకు కోసి సంతకు పంపేది. ఆ వచ్చినదాంట్లో సగం కలుపు కూలికే పోయేది. అంతా తుంగ. పైన పీకితే కింద గడ్డ నవ్వుకుంటూ ఉంటుంది.

అలాంటి రోజుల్లో కాకినాడలో ఓ ఇనప సామాన్ల కొట్లో ఒక డబ్బా చూశాను. రైలు కట్టల మీద గడ్డి చావడానికి చల్లే తెల్లటి పొడి. నేలలో చల్లితే తడికి కరిగి, వేళ్ల దగ్గరే చంపుతుందట. మా అక్క ఆకుతోటకు ఎంత కావాలని అడిగాను.

"మొక్కల దగ్గరికి పనికిరాదండి. గట్టు మీదా, కంచె చుట్టూ చల్లుకోండి. మీకు రెండు వీశెలు సరిపోద్దండి," అన్నాడు కొట్టాయన.

"కొసరో?"

"మందుకి కొసరేంటండి బాబూ?"

"ఆయ్, లేదంటే వద్దులెండి," అని లేచాను. గుమ్మం దాకా వెళ్లనిచ్చి పిలిచాడు. అర వీశె కొసరు, వేరే పొట్లం కట్టి. కోటిపల్లి రేవులో పడవెక్కి దాటుతుంటే, డబ్బా ఒళ్లో పెట్టుకుని పెళ్లికొడుకులా కూచున్నాను.

ఆకుతోట లక్ష్మి ఉండే చోటని అందరిలాగే స్నానం చేసి, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాను. చేతిలో ఉన్నది విషమన్న సంగతి ఆ మడిలో గుర్తురాలేదు. కొన్న మందు గట్టు మీద చల్లాను. మర్నాడు చిన్న తుంపర పడింది. వారం తిరిగేసరికి గట్టంతా పొగాకు రంగుకు మారిపోయింది. చూడ్డానికి పక్క తోటలవాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లందరికీ మొదటినుంచి చెప్పాను, అడగనివాళ్లకు రెండుసార్లు.

కలుపు తీసే ముసలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "చిన్న షావుకారుగారూ, ఇకనించి మా గంజి కూడా ఈ డబ్బాయే తాగుద్దాండి?"

కొసరు పొట్లం ఇంకా దూలానికి వేలాడుతోంది. దాన్ని చూస్తూ నిద్రపట్టేది కాదు.

"మొక్కల దగ్గరికి వద్దని కొట్టాయన చెప్పేరన్నావు కదరా," అంది అక్క.

"అది కొన్న మందు గురించక్కా. ఇది కొసరు."

అక్క కూడా ఆ బజారు బిడ్డే. పొట్లం దించి నా చేతికిచ్చింది. తుంగ మరీ దట్టంగా ఉన్న రెండు సాళ్లలో, తీగ మొదళ్లకు జానెడు దూరం వదిలి చల్లాను. అయిదో రోజుకు తుంగ ఎర్రబడింది. ఎగిరి గంతేశాను. అక్క కలుపు మనుషుల్ని రావద్దని కబురు పెట్టింది.

పదో రోజున ఆకుల అంచులు తెల్లబడ్డాయి. తరవాత అవిసె ఆకు రాలింది. మూడో సాలులో కూడా ఒక తీగ తల వాల్చింది. అక్క ఆ తీగ పట్టుకుని నిలబడింది. ఆ విషం మిగతా సాళ్లకీ పాకితే సంతకు ఆకుండదు.

కబురు పెట్టకుండానే ముసలమ్మ వచ్చింది. మట్టి కాస్త నాలిక మీద వేసుకుని ఉమ్మేసింది. "ఉప్పు తగిలిన చేనికి నీళ్లే మందండి. కాలవ తియ్యండి. పెట్టడం, తీసెయ్యడం. నిలవనిచ్చేరో, వేరు కుళ్లుద్ది."

పార పట్టుకుని పరిగెత్తాను. మూడు రోజులు నీళ్లు పెట్టాం, తీశాం, మళ్లీ పెట్టాం. మోకాలి లోతు బురదలో మూడో సాలు మొదళ్లు ఒక్కొక్కటీ తడిమి చూసుకున్నాను. నాలుగో వారంలో మూడో సాలులో పచ్చటి చిగురు కనబడితే, ముసలమ్మని పేరు పెట్టి కేకేసి పిలిచాను. మొదటి రెండు సాళ్లూ కోలుకోలేదు. తుంగ మాత్రం మళ్లీ మొలిచింది.

లెక్కకి కూచున్నాం. రెండు సాళ్ల ఆకు ఖరీదు, కొత్త తీగలు నాటి అవి పాకేదాకా: నేనిచ్చాను. మానిపించిన రోజులకి కలుపు కూలి: ఇచ్చాను. బేరమాడలేదు. అక్క డబ్బు కొంగున ముడివేసుకుని నా మొహంలోకి చూసింది.

"కొసరో, తమ్ముడూ?"

ఆ ఏడాది ప్రతి ఆదివారం ఆ రెండు సాళ్లలో తుంగ గడ్డలు తవ్వాను, ముసలమ్మ గట్టు మీద కూచుని తప్పులు చూపిస్తుంటే. మొత్తం ఖర్చు: రెండు సాళ్లు, నూట ఎనభై రూపాయలు, రెండు మోకాళ్లు. కొన్న మందు ఖరీదు ఇందులో కలపలేదు. అది చెప్పిన పనే చేసింది.