మాట రాదు

నాకు అనుమానం ఎక్కువ. పాలవాడు క్యాను వంచే తీరు చూసి నీళ్లు కలిపాడో లేదో చెప్పేస్తానని మా ఇంట్లో వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం నాది, అందులో ఆ గుణం నన్ను చాలాసార్లు కాపాడింది. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో జనగామలో ఉండేదాన్ని. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అప్పటికి వేర్వేరు జిల్లాలు కాలేదు, అన్నీ వరంగల్ కిందే. బస్సులు నడిచిన రోజు బస్సులో, బంద్ రోజు ఏది దొరికితే దానిలో ఈ మూడు వైపులా తిరిగేదాన్ని.

మా ఆఫీసు గోడ మీద జిల్లా పటం ఉండేది. సర్వేవాళ్లు ఊళ్లు తిరిగి, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలున్న చోటల్లా దాని మీద ఎర్రచుక్కలు పెట్టారు. చుక్కలు చూసిన ప్రతివాళ్ల దగ్గరా ఒక కారణం సిద్ధంగా ఉండేది. జనగామ వైపు వాళ్లు బోరునీళ్ల వల్లే అన్నారు. భూపాలపల్లి వైపు వాళ్లు బొగ్గు దుమ్ము వల్లే అన్నారు. ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లైతే "రాష్ట్రం వస్తే గివన్ని పోతయి" అని ఒక్క మాటలో తేల్చేశారు. రోడ్డు మీద వంటావార్పుల్లో కూర్చుని రాష్ట్రం కోసం గొంతు చించుకున్నదాన్ని నేను. అయినా ఆ మాట నమ్మలేదు.

అసలు నా అనుమానం ఆ చుక్కల మీదే. జనగామ వైపు చుక్కలన్నీ రోడ్డు వెంట, రైలు పట్టాల వెంటే ఉన్నాయి. దవాఖాన దగ్గరున్నవాళ్లు పిల్లను తీసుకెళ్లి చూపిస్తారు, చూపించిన పిల్లే లెక్కలోకి వస్తుంది. భూపాలపల్లిలో గని కార్మికుల కాలనీ నిండా చుక్కలు, కాలనీ దాటితే ఖాళీ. దుమ్ము కాలనీ గోడ దగ్గర ఆగిపోతుందా? పిల్లలు ఎక్కడున్నారో కాదు, అడిగేవాళ్లు ఎక్కడిదాకా వెళ్లారో ఆ పటం చెబుతోందనిపించింది. కానీ మహబూబాబాద్ వైపు కొత్తగూడ అడవి దగ్గరకొచ్చేసరికి నా తెలివి పనిచేయలేదు. అక్కడ దవాఖాన దూరం, రోడ్డు అంతంత మాత్రం. అయినా తండాలన్నీ ఎర్రగా ఉన్నాయి. అందరూ మాటలు రాని పిల్లలేనట.

మా పై అధికారి కోస్తా ఆయన. "అడవి ప్రాంతం కదండీ, జ్వరాలెక్కువ. తల్లులకు తిండి సరిగ్గా ఉండదు. ఇది పైకి రాయాల్సిన విషయమండీ" అన్నాడు. చెడ్డవాడేం కాదు. కానీ ఆ రోజుల్లో ఎవరైనా 'అండీ' అంటే చాలు, నాకు ఒళ్లు మండేది. అడవిలో బతికేవాళ్లకు బుద్ధి తక్కువ అన్నట్టు వినపడింది. నేను వెళ్లి చూసొస్తానని చెప్పి, గంట, గిలక్కాయ, రంగు బిళ్లలున్న సంచి భుజాన వేసుకుని బయలుదేరాను.

మొదటి తండాలోనే సంగతి బయటపడింది. మాటలు రావని రాసిన పిల్లలంతా నా చుట్టూ మూగి, సంచిలో ఏముందో చూపించమని ఒకటే గోల. ఆ గోలంతా లంబాడీ మాటలో. ఇదేంటని అక్కడున్న ఒక అవ్వను అడిగాను.

"పిల్లలకు మాట వస్తదా అని అడిగిండ్రు బిడ్డా. రాదన్నం. మీ మాట మా పిల్లలకెట్ల వస్తది? బడికి పోతే గదా" అంది.

తెలుగు రాదని తల్లులు చెబితే, మాటే రాదని రాసుకుపోయారు. ఇల్లిల్లూ తిరిగి, పిల్లలతో ఆడి, వాళ్లమ్మలతో మాట్లాడించి, వెంట తెచ్చుకున్న పటం నకలులో ఒక్కో చుక్కా కొట్టేస్తూ పోయాను. కొట్టేస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తండా చివరింటి ముందు ఒకామె మిరపకాయలు ఆరబోస్తోంది. నన్ను చూడగానే "మా పిల్లకు మాటొస్తది" అంది. నేనింకా ఏమీ అడగలేదు.

"పోడు భూమి లెక్కకొచ్చినవా?" అంది మళ్లీ. కాదన్నాను. నమ్మినట్టు లేదు. ఆమె వెనక అయిదేళ్లుంటాయేమో, ఒక పిల్ల నిలబడి నా సంచి వైపు చూస్తోంది. పలకరిస్తే పలకలేదు. "సిగ్గు" అంది తల్లి.

పిల్లను తల్లికి ఎదురుగా కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి గంట కొట్టాను. పిల్ల చటుక్కున తిరిగింది. తల్లి మొహం వెలిగింది. అక్కడితో లేచి రావాల్సిందే కానీ నా గుణం ఊరుకోనివ్వదు కదా. మళ్లీ కొట్టి, ఈసారి పక్కకు వంగి పిల్ల కళ్లు చూశాను. ఆ కళ్లు ముందు తల్లి మొహం మీదికి పోయాయి. తల్లి గడ్డం కొంచెం ఎత్తింది. అప్పుడు తిరిగింది పిల్ల. మూడోసారి గంట నాలుకను వేలితో నొక్కి పట్టి ఊరికే ఊపాను. చప్పుడు లేదు. నా చెయ్యి కదలడం చూసి తల్లి గడ్డం ఎత్తింది. మోగని గంటకు పిల్ల తిరిగి నా వైపు నవ్వింది.

"చెల్లె, గంట మోగలే" అన్నాను.

ఆమె మిరపకాయల దగ్గరికి వెళ్లిపోయింది. వాటిని చేత్తో కలియబెడుతూ అటు తిరిగే అడిగింది. "పేరు రాస్తవా?"

"రాయాలె. వరంగల్‌ల చెవుల దవాఖానల చూపియ్యాలె. మాటలు నేర్చే వయసు గిదే. దాటిపోతే కష్టం."

"పేరు రాసినోళ్లు పిల్లల తీస్కపోతరు అక్కా. చదువని ఒకలు, బట్టలని ఒకలు వచ్చిండ్రు. తీస్కపోయిన ఆడపిల్లలు మల్ల కానరాలే."

అబద్ధమని ఎలా అనను? అలాంటివి నేనూ విన్నాను. "నువ్వు సుత ఎంబడి రా. బిడ్డ చెయ్యి నీ చేతులనే ఉంటది" అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ముందుగాల నీ ఇల్లు చూపియ్యి" అంది.

రైళ్లు నడుస్తున్న రోజు చూసుకుని మహబూబాబాద్‌లో ముగ్గురం ఎక్కాం. వరంగల్ స్టేషన్‌లో దిగి నేరుగా దవాఖానకు పోతే అయిపోయేది. ఆమె ఒప్పుకోలేదు. వరంగల్ దాటి జనగామ దాకా వచ్చి, మా ఇల్లు గది గది చూసింది. మా పిల్లల మొహాలు పరీక్షగా చూసింది. పక్కింటికి వెళ్లి "గీమె ఎప్పటిసంది ఉంటున్నది? సొంతిల్లేనా?" అని అడిగింది. కిరాయిదని తెలిసేసరికి వ్యవహారం మొదటికొచ్చింది. "రేపు ఖాళీ చేస్తే నిన్నేడ దేవులాడాలె?" అంటూ మా అమ్మగారి ఊరు, ఇంటి గుర్తులు కూడా చెప్పించుకుంది. నన్ను మించిన అనుమానం మనిషిని అప్పుడే చూశాను. నాకు చిన్నతనంగా అనిపించింది. అయినా, ఆమె మీద ఎక్కడలేని ఇష్టం కలిగింది.

మర్నాడు వెనక్కి వరంగల్ వచ్చాం. దవాఖానలో చప్పుడు బయటికి పోని చిన్న గది ఉంది. పిల్లను అందులో అటు తిప్పి కూర్చోబెట్టి, చేతికి రంగు రింగులిచ్చారు. తలుపు వేస్తానంటే తల్లి వేయనివ్వలేదు, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. డాక్టరు విసుక్కుని, సరే ముందు ఇలాగే చూద్దామని గదిలోని స్పీకరు పెట్టెల్లోంచి చప్పుడు పెట్టాడు. పిల్ల రింగులు పేరుస్తోంది. పెంచాడు. ఇంకా పెంచాడు. నేను చెవులు మూసుకున్నాను. తల్లి ఉలిక్కిపడి గడ్డం ఎత్తింది, అలవాటు కొద్దీ. పిల్లకు తల్లి కనిపించడం లేదు. కింద పడ్డ రింగు తీసుకుని మళ్లీ పేర్చుకుంటోంది.

ఆమె గుమ్మంలోంచి తప్పుకుని, తలుపు తనే దగ్గరికి వేసింది. పరీక్ష అయ్యాక డాక్టరు, చెవికి పెట్టే మిషన్ ఇంటికే పంపిస్తాం, పేరూ ఊరూ చెప్పమని కలం తీశాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె బల్ల దగ్గరికి నడిచింది.

"రాసుకో సారు" అంది. పిల్ల పేరు ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. తండా పేరు చెప్పింది. "మిషిని తెచ్చేటోళ్లకు ఇల్లు దొర్కకుంటే, చెవులినపడని పిల్ల ఇల్లేదని అడుగుమను. మా తండల ఎవలైన చూపిస్తరు."